ఏడు రోజులు దాటిన ఫైళ్లు కావాలంటే

లినక్స్‌లో ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్‌కి -ఎంటైమ్ +7 అని ఇస్తే (ఎంటైమ్ అంటే ఫైల్ చివరిసారి మారిన టైమ్) ఏడు రోజులు దాటిన ఫైళ్లన్నీ వస్తాయని చాలామంది నమ్మకం. రావు. ఎనిమిది రోజులు నిండినవే వస్తాయి. ఏడు రోజుల ఇరవై మూడు గంటల క్రితం రాసిన ఫైల్ ఆ జాబితాలో కనపడదు. ఇది బగ్ కాదు, మాన్యువల్‌లో రాసి ఉన్న పద్ధతే. కాకపోతే ఆ పేజీని అక్కడిదాకా చదివేవాళ్లు తక్కువ, స్క్రిప్టులు ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకునేవాళ్లు ఎక్కువ, అందుకే ఈ లెక్క మొదట్నుంచీ రాస్తున్నాను. కమాండ్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగులో పెడుతున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టండి, పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

ఫైండ్ చేసే పని ఇది. ఇప్పటి టైమ్‌లోంచి ఫైల్ చివరిసారి మారిన టైమ్ తీసేస్తుంది, వచ్చినదాన్ని 24 గంటలతో భాగిస్తుంది, శేషాన్ని వదిలేస్తుంది. చేతికి వచ్చేది పూర్ణాంకం. 24 గంటల లోపు మారిన ఫైల్ వయసు 0, 24 నుంచి 48 గంటల మధ్యది 1, ఆ తర్వాత 2, అలా పోతుంది. +7 అంటే ఆ పూర్ణాంకం 7 కంటే ఎక్కువ ఉండాలి, అంటే కనీసం 8, అంటే 192 గంటలు. నిజంగా ఏడు రోజులు నిండినవి కావాలంటే +6 అని రాయాలి. ఒక రోజు దాటినవి కావాలంటే +0. చూడటానికి వింతగా ఉంటుంది కానీ సరైనది అదే. -1 అని ఇస్తే గత 24 గంటల్లో మారినవి వస్తాయి, గుర్తు లేకుండా ఉత్త 1 అని ఇస్తే నిన్న ఈ టైమ్‌కీ మొన్న ఈ టైమ్‌కీ మధ్య మారినవి మాత్రమే వస్తాయి.

మ్యాక్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. అందులో ఉన్నది బీఎస్‌డీ అనే వేరే యూనిక్స్ కుటుంబం ఫైండ్, అది శేషాన్ని వదలదు, పై పూర్ణాంకానికి పెంచుతుంది. కాబట్టి మ్యాక్‌లో +7 అంటే ఏడు రోజులు దాటినవే. ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేసి సర్వర్‌లో పెట్టిన స్క్రిప్ట్ రెండుచోట్లా ఒకే లైను అయినా ఒక రోజు తేడాగా పనిచేస్తుంది. లాగ్ ఫైళ్లయితే ఒక రోజు అటూ ఇటూ అయినా పర్వాలేదు. ఆడిట్‌కి ఇన్ని రోజులు ఉంచాలి అని లెక్క ఉన్న ఫైళ్ల విషయంలో మాత్రం ఆ ఒక్క రోజు గురించి తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

నా సలహా అడిగితే రోజుల లెక్కే వద్దు. నిమిషాల్లో అడిగే -ఎంమిన్ ఉంది, ఏడు రోజులంటే 10080 నిమిషాలు, -ఎంమిన్ +10080 అని రాస్తే లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ తేడా మహా అయితే ఒక నిమిషం. ఇంకా బాగుండేది -న్యూయర్‌ఎంటీ. దానికి నేరుగా తేదీనే ఇవ్వొచ్చు, 2025-06-01 అని కొడితే ఆ రోజు సున్నా గంటల తర్వాత మారినవన్నీ వస్తాయి, ముందు -నాట్ పెడితే అంతకు ముందువి. స్క్రిప్ట్‌ని ఆరు నెలల తర్వాత వేరేవాళ్లు తెరిచి చూసినా ఏం అడిగామో వాళ్లకి అర్థమవుతుంది.

ఇప్పుడు మన దేశంలో కూర్చుని పనిచేసేవాళ్లకి ప్రత్యేకంగా తగిలే సంగతి. "ఈ రోజు వచ్చిన ఫైళ్లు చూపించు" అని అడగడానికి ఫైండ్‌లో -డేస్టార్ట్ అనే ఆప్షన్ ఉంది. అది పెడితే 24 గంటల ముక్కల్ని ఈ క్షణం నుంచి కాకుండా రోజు హద్దుల ప్రకారం లెక్కేస్తుంది. (దాన్ని -ఎంటైమ్ కంటే ముందు రాయాలి, తన తర్వాత వచ్చే షరతుల మీదే అది పనిచేస్తుంది.) బాగానే ఉంది కానీ ఎవరి రోజు? క్లౌడ్‌లో తీసుకున్న సర్వర్లు ఎక్కువగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తాయి. యూటీసీలో అర్ధరాత్రి అంటే మనకి ఉదయం ఐదున్నర. హైదరాబాద్‌లో పొద్దున పదింటికి కూర్చుని "ఈ రోజు ఫైళ్లు" అని అడిగితే ఐదున్నర తర్వాత వచ్చినవే వస్తాయి, అర్ధరాత్రి ఒంటిగంటకి వచ్చిన ఫైల్ నిన్నటి లెక్కలోకి పోతుంది. అదే కమాండ్ తెల్లవారుజామున నాలుగింటికి నడిపితే సర్వర్‌కి ఇంకా నిన్నే, కాబట్టి నిన్న ఉదయం ఐదున్నర నుంచి ఉన్నవన్నీ "ఈ రోజు" కిందకే వస్తాయి. నైట్ షిఫ్ట్‌లో రిపోర్ట్ తీసేవాళ్లకి అంకెలు కలవకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, డేటా తప్పు కాదు. పరిష్కారం చిన్నదే: అదే లైనులో ఫైండ్‌కి ముందు టీజెడ్ = ఏషియా/కోల్‌కతా అని పెడితే (టీజెడ్ మొత్తం పెద్ద అక్షరాల్లో, ఏషియా, కోల్‌కతా అనే పేర్లలో మొదటి అక్షరం పెద్దది, సమాన గుర్తుకి అటూ ఇటూ ఖాళీ లేకుండా) ఆ ఒక్క కమాండ్ మన టైమ్ ప్రకారం నడుస్తుంది, సర్వర్ సెట్టింగులు ముట్టుకోనక్కర్లేదు. -న్యూయర్‌ఎంటీకి తేదీ ఇచ్చినా అంతే, తేదీ పక్కన +0530 అని రాయండి, అనుమానమే ఉండదు.

రోజూ కొత్త ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసే జాబ్ ఉంటే -ఎంటైమ్ -1 మీద అసలు ఆధారపడొద్దు. చెప్పిన టైమ్‌కి పనులు నడిపే క్రాన్‌ని రెండింటికి మొదలుపెట్టమంటే రెండింటికే మొదలవుతుంది, కానీ స్క్రిప్ట్‌లో ముందున్న పనులు ఒక రోజు త్వరగా, ఒక రోజు ఆలస్యంగా అవుతాయి కాబట్టి ఫైండ్ లైను దాకా వచ్చే టైమ్ మారుతుంది, ఆ సందులో పడ్డ ఫైల్ ఏ రోజూ కాపీ అవ్వదు. సర్వర్ ఒక రాత్రి ఆగిపోతే ఆ రోజు ఫైళ్లన్నీ పోయినట్టే. దీనికి పాత పద్ధతి ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది: గుర్తు ఫైల్. టచ్ కమాండ్‌తో ఖాళీ ఫైల్ ఒకటి పెట్టుకుని, తర్వాతిసారి -న్యూయర్ అని చెప్పి ఆ ఫైల్ పేరు ఇస్తే దానికంటే కొత్తవి మాత్రమే వస్తాయి. ఎన్ని రోజులు ఆగినా సరే, గుర్తు దగ్గర్నుంచే మొదలవుతుంది. ఇందులో ఒక జాగ్రత్త: కొత్త గుర్తుని కాపీ మొదలుపెట్టక ముందే వేరే పేరుతో సృష్టించాలి, కాపీ అంతా సవ్యంగా అయ్యాక దాన్ని పాత గుర్తు పేరుకి మార్చాలి. కాపీ అయ్యాక టచ్ కొడితే, కాపీ జరుగుతున్న ఆ పది నిమిషాల్లో వచ్చినవి తప్పిపోతాయి.

ఇదంతా ఫైల్ మీద ఉన్న తేదీ నిజమైతేనే. అక్కడే అసలు కథ ఉంది. లినక్స్, మ్యాక్ లాంటి యూనిక్స్ కుటుంబంలో ప్రతి ఫైల్‌కీ మూడు టైమ్‌లు ఉంటాయి. ఎంటైమ్ అంటే లోపలి విషయం చివరిసారి మారినది, ఏటైమ్ అంటే చివరిసారి చదివినది, సీటైమ్ అంటే ఫైల్ గురించిన రికార్డు మారినది. సీటైమ్‌లో సీ అంటే క్రియేషన్ అని చాలాచోట్ల రాసేస్తారు, అది తప్పు. పొలం అదే ఉండి పాస్‌పుస్తకంలో పేరు మారినట్టు, ఫైల్ లోపల ఒక్క అక్షరం మారకపోయినా పర్మిషన్లు మారితే, ఓనర్ మారితే సీటైమ్ మారుతుంది. ఫైల్ పుట్టిన టైమ్‌ని ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్‌లు విడిగా దాచుకుంటాయి కానీ దాన్ని ప్రోగ్రాములు అడగడానికి సరైన దారి లినక్స్‌కి 2017లో 4.11 కెర్నల్‌తో (కెర్నల్ అంటే సిస్టమ్ మూల భాగం) గానీ రాలేదు.

ఎంటైమ్‌ని ఎవరైనా మార్చొచ్చు, చాలాసార్లు మనకి తెలియకుండానే మారుతుంది. సీపీతో కాపీ చేస్తే కొత్త ఫైల్‌కి ఇప్పటి టైమ్ పడుతుంది, -పీ పెడితేనే పాతది నిలుస్తుంది. ఫోల్డర్లని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసే ఆర్‌సింక్ -ఏ పాత తేదీనే తీసుకొస్తుంది. కోడ్ మార్పుల చరిత్ర ఉంచే గిట్ అసలు ఫైల్ తేదీలు దాచదు, క్లోన్ చేసిన ప్రాజెక్టులో పదేళ్ల నాటి ఫైల్ కూడా ఈ రోజు రాసినట్టే ఉంటుంది. నెట్ నుంచి ఫైళ్లు దించే కమాండ్లలో డబ్ల్యూగెట్ సర్వర్ చెప్పిన తేదీ వేస్తుంది, కర్ల్‌కి -ఆర్ (పెద్ద అక్షరం) పెడితేనే వేస్తుంది. అన్నిటికంటే నష్టం చేసేది ఫైళ్లన్నిటినీ ఒకే ప్యాకేజీగా కట్టే టార్: విప్పిన ఫైళ్లకి ప్యాకేజీ కట్టేనాటికి వాటికున్న పాత తేదీలే ఉంటాయి. అంటే ఈ రోజు మధ్యాహ్నం తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పిన టార్‌లో 2016 నాటి ఫైళ్లుంటే, "30 రోజులు దాటినవి తీసెయ్" అనే రాత్రి జాబ్ వాటిని ఆ రాత్రే తీసేస్తుంది. ఇలాంటి చోట -ఎంటైమ్ బదులు -సీటైమ్ అడగండి. టచ్ కమాండ్ సీటైమ్‌ని వెనక్కి తిప్పలేదు, కాబట్టి ఆ ఫైల్ ఈ డిస్క్ మీదకి ఎప్పుడు వచ్చిందో దాదాపుగా అదే చెప్తుంది. చాలా లినక్స్‌లలో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ తాలూకు టెంప్‌ఫైల్స్ ప్రోగ్రామ్ మామూలుగా /టీఎంపీలో పది రోజులు, /వార్/టీఎంపీలో ముప్పై రోజులు దాటినవాటిని తీసేటప్పుడు మూడు టైమ్‌లూ చూస్తుంది, అన్నీ పాతవైతేనే ముట్టుకుంటుంది. మనం రాసే స్క్రిప్టుల్లో కూడా ఆ మాత్రం జాగ్రత్త ఉండాలని నేను గట్టిగా అంటాను.

"ఏడాదిగా ఎవరూ తెరవని ఫైళ్లు" కావాలంటే -ఏటైమ్ ఉంది కదా అనుకోవచ్చు. 2009లో వచ్చిన 2.6.30 కెర్నల్ నుంచి లినక్స్‌లో రెలాటైమ్ మామూలు పద్ధతి అయింది. చదివిన ప్రతిసారీ డిస్క్ మీద రాయకుండా, పాత ఏటైమ్ ఒక రోజు దాటితేనో, ఆ తర్వాత ఫైల్ మారితేనో తప్ప కొత్తది వేయదు. నెలల లెక్కకి ఇది సరిపోతుంది, గంటల లెక్కకి పనికిరాదు. కొన్ని సర్వర్లలో నోఏటైమ్ (చదివిన టైమ్ అసలు రాయొద్దనే సెట్టింగ్) పెట్టి ఉంటారు, అక్కడ ఏటైమ్‌ని నమ్మలేం. పైగా బ్యాకప్ ప్రోగ్రామ్ ఫైల్‌ని చదివినా చదివినట్టే.

ఫోల్డర్ల సంగతి ఒక్క మాట. ఫోల్డర్ ఎంటైమ్ మారేది అందులోకి పేరు ఒకటి చేరినప్పుడు, పోయినప్పుడు, పేరు మారినప్పుడు మాత్రమే. లోపలున్న ఫైల్‌ని రోజూ తెరిచి రాస్తున్నా ఫోల్డర్ తేదీ రెండేళ్ల నాటిదే ఉండొచ్చు. ఫోల్డర్ పాతది కాబట్టి మొత్తం తీసేద్దాం అనొద్దు, -టైప్ ఎఫ్ పెట్టి ఫైళ్లనే చూడండి.

తీసేయడం దగ్గరికి వద్దాం. -డిలీట్ ఎప్పుడూ లైను చివర్లోనే ఉండాలి. ఫైండ్ షరతుల్ని ఎడమ నుంచి కుడికి చదువుతుంది, -డిలీట్ ముందొస్తే వయసు చూడకుండానే ఆ ఫోల్డర్‌లో ఉన్నదంతా పోతుంది. నేను ఎవరికి నేర్పినా ముందు -డిలీట్ చోట -ఎల్‌ఎస్ పెట్టి నడిపించమంటాను. తేదీలతో సహా జాబితా వస్తుంది, కళ్లతో చూసి, అప్పుడు ఆ ఒక్క మాట మార్చడమే. ఫైండ్ ఇచ్చినదాన్ని వేరే కమాండ్‌కి పంపాలంటే -ప్రింట్0, ఎక్స్‌ఆర్గ్స్ -0 జంట వాడండి. "అక్క పెళ్లి ఫోటోలు" అని తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్ ఉంటే తెలుగు వల్ల ఇబ్బందేమీ రాదు, మధ్యలో ఉన్న ఖాళీల వల్ల వస్తుంది, ఆ జంట లేకపోతే అది మూడు పేర్లుగా విడిపోతుంది. ఎల్‌ఎస్ -టీ ఇచ్చిన తేదీ వరసని హెడ్‌తో కోసి, ఫైళ్లు తీసేసే ఆర్‌ఎంకి ఇచ్చే లైన్లు కూడా ఇదే కారణంగా ప్రమాదం.

బ్యాకప్‌లు. ఈ పోస్ట్ రాయాలనిపించిందే వీటి కోసం. డేటాబేస్ డంప్ (మొత్తం డేటా ఒక ఫైల్‌గా) రోజూ రాత్రి తీసి, 30 రోజులు దాటినవి తీసేసే రెండు జాబ్‌లు లెక్కలేనన్ని ఆఫీసుల్లో ఉన్నాయి. ఏదో ఒక రోజు డంప్ జాబ్ ఆగిపోతుంది. పాస్‌వర్డ్ మారుతుంది, డిస్క్ నిండుతుంది, ఎవరూ గమనించరు. తీసేసే జాబ్ మాత్రం ఆగదు, అది తన పని తాను చేసుకుంటూ రోజుకొకటి తీసేస్తూ పోతుంది, నెల తిరిగేసరికి ఫోల్డర్ ఖాళీ. ఒక్కసారైనా సరైన బ్యాకప్ ఉన్న చోట చివరికి ఏమీ మిగలదు, అదీ ఏ ఎర్రర్ లేకుండా. వయసు ఒక్కటే చూసి బ్యాకప్ తీసేయడం తప్పు పద్ధతి, ఎంతమంది వాడుతున్నా సరే. తీసేసే ముందు, గత రెండు రోజుల్లో వచ్చిన డంప్ ఒకటైనా ఉందా అని అదే స్క్రిప్ట్ చూసుకోవాలి, లేకపోతే ఏదీ ముట్టుకోకుండా మెయిల్ పంపి ఆగిపోవాలి. ఆ కొత్త డంప్ ఖాళీ ఫైల్ కాకూడదు కూడా, అందుకే -సైజ్ షరతు కలపండి. అందులోనూ ఇలాంటి లెక్కే ఉంది: -సైజ్ -1ఎం (ఎం పెద్ద అక్షరం) అంటే ఒక ఎంబీ కంటే చిన్నవన్నీ రావు, పూర్తిగా ఖాళీవే వస్తాయి, ఎందుకంటే అక్కడ పై పూర్ణాంకానికి పెంచుతుంది. బైట్లలో అడగడం మేలు.

వయసు బదులు సంఖ్య పట్టుకోవడం ఇంకో దారి, చివరి 14 ఉంచు, మిగతావి తీసెయ్ అని. డంప్ ఆగిపోయినా ఆ పద్నాలుగూ ఉంటాయి. దీనికి జెడ్‌షెల్ అంత హాయిగా ఇంకేదీ ఉండదు (షెల్ అంటే మనం టైప్ చేసే కమాండ్లని నడిపే ప్రోగ్రామ్). పాల్ ఫాల్‌స్టాడ్ 1990లో ప్రిన్స్‌టన్‌లో చదువుకుంటూ మొదలుపెట్టిన ఈ షెల్‌లో ఫైండ్ లేకుండానే స్టార్ గుర్తు పక్కన బ్రాకెట్‌లో షరతు రాయొచ్చు. చుక్క పెడితే మామూలు ఫైళ్లే, ఓఎం పెడితే కొత్తవి ముందు వచ్చే వరస, చదరపు బ్రాకెట్‌లో 15,-1 అని ఇస్తే పదిహేనోది నుంచి చివరిదాకా. ఒకే పదంలో పని అయిపోయింది, ఖాళీలున్న పేర్లు కూడా విడిపోవు. ఎంహెచ్-1 అంటే గత గంటలో మారినవి, ఎం+7 అంటే ఫైండ్ లాగే ఎనిమిది రోజులు నిండినవి, ఇక్కడా శేషం వదిలేయడమే. లినక్స్‌లో మామూలుగా ఉండే షెల్ బ్యాష్‌లో ఇన్నేళ్లూ ఇలాంటిది లేదు, 2025లో వచ్చిన 5.3లో గ్లాబ్‌సార్ట్ (పెద్ద అక్షరాల్లో) అనే వేరియబుల్ పెట్టారు, దానికి ఎంటైమ్ అని విలువ ఇస్తే స్టార్ గుర్తు ఫైళ్లని తేదీ వరసలో ఇస్తుంది. సర్వర్లలోకి ఆ వెర్షన్ రావడానికి టైమ్ పడుతుంది. అప్పటిదాకా ఫైల్ పేరులోనే తేదీ పెట్టుకోండి, ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. మనకి 14-03-2025 అని రాయడం అలవాటు, అలా పెడితే అన్ని నెలల 14వ తేదీలూ ఒకచోట చేరతాయి. 2025-03-14 అని పెడితే పేరు వరసే తేదీ వరస అవుతుంది, కాపీ చేసినా, టార్ చేసినా ఆ తేదీ చెడిపోదు.

విండోస్‌లో పవర్‌షెల్ (అక్కడి కమాండ్ షెల్) ఉంటే గెట్-చైల్డ్‌ఐటమ్ ఇచ్చిన జాబితాలో లాస్ట్‌రైట్‌టైమ్‌ని, గెట్-డేట్‌కి యాడ్‌డేస్ -7 చేసినదానితో పోల్చితే చాలు, అది గంటలు నిమిషాలతో సహా కచ్చితంగా పోలుస్తుంది. పాత ఫర్‌ఫైల్స్ కమాండ్ /డి -30 తేదీ మాత్రమే చూస్తుంది. విండోస్‌లో కాపీ చేసిన ఫైల్‌కి క్రియేషన్ టైమ్ ఈ రోజుదీ, మారిన టైమ్ పాతదీ ఉంటుంది, పుట్టకముందే మారినట్టు కనపడినా అది మామూలే.

చివరిగా ఇంట్లో ఫోటోలు. కెమెరా కార్డులు, పెన్‌డ్రైవ్‌లలో, ముఖ్యంగా చిన్న సైజువాటిలో, ఫ్యాట్ అనే పాత ఫార్మాట్ ఎక్కువ. అందులో టైమ్ జోన్ రాసుకునే చోటే లేదు, కెమెరా గడియారం ఎంత చూపిస్తే అంత రాస్తుంది, అదీ రెండు సెకన్లకొకసారి లెక్కన. యూటీసీలో ఉన్న లినక్స్ మెషీన్‌కి ఆ కార్డు పెడితే ఐదున్నర గంటలు తేడా వస్తుంది, మౌంట్ చేసేటప్పుడు టైమ్_ఆఫ్‌సెట్ = 330 అని (ఖాళీలు లేకుండా) ఇస్తే సరిపోతుంది. ఫోన్ నుంచి కేబుల్‌తో తీసినవాటికి చాలాసార్లు తీసిన రోజు కాకుండా కాపీ చేసిన రోజు తేదీ పడుతుంది. కెమెరా ఫోటోలైతే లోపల తీసిన టైమ్ రాసి ఉంటుంది కాబట్టి ఫోటోల లోపలి వివరాలు చదివే ఎగ్జిఫ్‌టూల్‌తో డేట్‌టైమ్‌ఒరిజినల్‌ని ఫైల్ తేదీగా వేయొచ్చు. వాట్సాప్‌లో వచ్చినవాటిలో ఆ వివరాలు ఉండవు, కానీ చాలాసార్లు పేరులోనే 20190521 లాగా ఎనిమిది అంకెలు ఉంటాయి, వాటిని కోసి టచ్ -డికి ఇస్తే చాలు. ముందు ఫోటోలన్నీ ఇంకోచోట కాపీ పెట్టుకుని ఈ పని చేయండి. అది అయ్యాక 2019లో తీసినవన్నీ కావాలంటే -న్యూయర్‌ఎంటీ 2019-01-01, పక్కనే -నాట్ -న్యూయర్‌ఎంటీ 2020-01-01 అని రాస్తే సంవత్సరం మొత్తం వచ్చేస్తుంది.